ముందు గది నుంచి వర్క్‌షాపు దాకా

వర్క్‌షాపు నుంచి,
ఎండలు మొదలైన వారం.

చిరంజీవి రేడియోకి,

మీ బావ ఆశీస్సులు. నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. కంగారు పడకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మీ అక్క గుండ్రాయిలా ఉంది. పొద్దున బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ఇంటికొచ్చి నాకు చెబుతోంది. నేను ఎప్పటిలాగే రంపపు పొట్టులో మునిగి ఉన్నాను.

ఒక పని పడి రాస్తున్నాను. ఆ మధ్య ఒకాయన సబ్ వూఫర్‌కి మంచి చెక్క పెట్టె కావాలని ఆర్డరిచ్చాడు. పెట్టె తయారయ్యేలోపు ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. సామాను ఎక్కువైపోయింది, మీరే ఉంచుకోండి అని లోపలి సరుకుతో సహా వదిలేసి వెళ్ళాడు. పాటలో పెద్ద డ్రమ్ము, లావు తంతి మోత లాంటి మంద్రం మాత్రమే పలికే పెట్టె అది. దాన్ని నడిపే యాంప్లిఫయర్ దాని పొట్టలోనే ఉంది, కరెంటు ఇస్తే చాలు.

మా ఇల్లు నీకు తెలుసు కదా. రికార్డు ప్లేయరు, పెద్ద యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు ముందు గదిలో ఉంటాయి. తర్వాత పడక గది, వంటగది, పెరడు, బట్టలుతికే గట్టు, ఆ చివర నా రేకుల షెడ్డు. మీ అక్క మధ్యాహ్నాలు ముందు గదిలో రికార్డులు పెట్టుకుంటుంది. ఇదివరకు నేనూ మిషన్లు కట్టేసి వెళ్ళి పక్కన కూర్చునేవాడిని. ఈ మధ్య పని ఎక్కువై కుదరడం లేదు. ముందు గదిలో పాట మోగుతుంటే, దాని మంద్రం ఇక్కడ నా బల్ల కింద మోగాలి. అంత దూరం తీగ లాగితే పలుకుతుందా? ఏ తీగ కొనాలి? నాటకాల థియేటర్లో శబ్దాల పని చూసే బావమరిది ఉండగా కొట్టువాణ్ణి అడిగితే బావుండదు.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఏ తీగ ఎటు పోవాలో ఫోన్లో చెబితే నా బుర్రకెక్కదు. కాగితం మీద బొమ్మ గీసి పంపు.

మీ బావ

*

థియేటరు, సౌండు గది నుంచి.

బావగారికి,

నమస్కారాలు. మీరు ఉత్తరం రాశారని చెబితే మా స్టేజీ మేనేజరు నమ్మలేదు, కవరు చూపించాల్సి వచ్చింది. నోరు మూయకుండా వాగుతానని రేడియో అని పేరు పెట్టింది మీరే. ఇప్పుడు రేడియోని పట్టుకుని ఫోన్లో మాట్లాడొద్దంటే ఎలా బావా? అయినా పెద్దవాళ్ళ మాట. బొమ్మ గీసి ఇందులోనే పెట్టాను.

ముందు ఒక సందేహం. ఉత్త మంద్రం ఒక్కటీ తెచ్చుకుని ఏం చేసుకుంటారు? పాటలో గొంతు లేకుండా, వాయులీనం లేకుండా, పక్కింటివాళ్ళు మంచాలు జరుపుతున్నట్టు ఉంటుంది. రెండు చిన్న స్పీకర్లు కూడా పెట్టుకోకూడదా? నా దగ్గర పాతవి ఉన్నాయి, పంపుతాను.

ఇక తీగ సంగతి. మీ యాంప్లిఫయర్ వెనక సబ్ వూఫర్ కోసం విడిగా ఒక సాకెట్టు ఉంది. అందులోంచి వచ్చేది చాలా బలహీనమైన కరెంటు. గదిలోనే అయితే ఇబ్బంది లేదు. ఇల్లంతా దాటి పెరట్లోకి వెళ్ళేసరికి దారిలో కనబడిన ప్రతి చెత్తనూ అంటించుకుంటుంది. కాబట్టి పైన రాగి అల్లిక తొడుగు ఉన్న తీగే కొనండి. కరెంటు తీగల పక్కన దాన్ని పోనివ్వకండి. తప్పనిసరైతే అడ్డంగా దాటించండి తప్ప పక్కపక్కనే పరిగెత్తించకండి.

అన్నీ సరిగ్గా చేసినా ఒక చిక్కు వస్తుందనుకుంటున్నాను. వర్క్‌షాపుకు మీరు వేరే మీటరు, వేరే ఎర్తు పెట్టించారు. ఇంటి ఎర్తు వేరు. ఈ రెంటినీ ఇంత పొడుగు తీగతో కలిపితే, రెండు ఎర్తుల మధ్య ఉన్న తేడా అంతా ఆ తీగ మీదుగా పాటలోకి దిగుతుంది. రంపం మిషన్ తిప్పారంటే మరీనూ. చిత్రం ఏమిటంటే అది మీ పెట్టెలో కాదు, ముందు గది స్పీకర్లలో పలుకుతుంది. జుయ్‌మని సన్నగా, చెవిలో కందిరీగ దూరినట్టు. అది వస్తే రాయండి, మందు నా దగ్గరుంది. ఎర్తు తీగ పీకేస్తే పోతుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. చప్పుడు పోతుంది, దాంతోపాటు మనిషీ పోతాడు.

అక్కకు నా ముద్దులు, మీకు దండాలు.

రేడియో

*

వర్క్‌షాపు నుంచి,
ఎండలు ముదిరాయి.

చిరంజీవి రేడియోకి,

నువ్వు భయపెట్టినంతా ఉత్తదే. తీగ లాగాను. అల్లిక తొడుగు ఉన్నదే కొన్నాను. గోడకు కొత్తగా కన్నాలెందుకని, మోటారు కరెంటు తీగ వస్తున్న పాత గొట్టంలోనే దీన్నీ తోశాను. పక్కపక్కనే రెండూ బుద్ధిగా పడుకున్నాయి. నీ కందిరీగ రాలేదు. అనుమానం తీరక, రంపాన్ని తిరగనిచ్చి వచ్చి, నేను ముందు గదిలో స్పీకరుకు చెవి ఆనించి మరీ విన్నాను. కడిగిన పళ్ళెంలా ఉంది. మీ థియేటరువాళ్ళు లేని జబ్బులు చెప్పి మందులు అమ్ముకునే బాపతు.

చిన్న స్పీకర్లు వద్దు. మంద్రం చాలు నాకు. ఎంత బావుందో చెప్పలేను రా. బల్ల కింద పెట్టాను. డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడల్లా ఉలులు చిన్నగా ఎగురుతున్నాయి. చాలా రోజుల తర్వాత పాట వింటూ చిత్రిక పట్టాను. చెక్క మీద చెయ్యి పాటతో కలిసి నడిచింది.

మీ అక్కకే ఈ సరదా పట్టినట్టు లేదు. రికార్డు పెడుతుంది, నేను ఇక్కడ రంపం వెయ్యగానే లేచి వంటగదిలోకి వెళ్ళిపోతుంది. కిటికీలోంచి కనబడుతుంది నాకు. బడి నుంచి అలసిపోయి వస్తోంది కాబోలు.

ఇంకో ముచ్చట. ఒకావిడ వచ్చి పీట కావాలంటే నేను పెట్టె చేసిపెట్టాను. ఈ కాలం మనుషులు నోట్లో మాట నోట్లోనే నమిలేస్తున్నారు, ఏం చేస్తాం. ఆవిడ మంచిది, పెట్టె మీద కూర్చుంటానని పట్టుకెళ్ళింది.

మీ బావ

*

థియేటరు నుంచి.

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఉలులు ఎగరడం గురించి మా వాళ్ళందరికీ చెప్పాను.

ఒక చిన్న సాయం చేస్తారా? రికార్డు తీసేసి, యాంప్లిఫయర్ మాత్రం వేసి ఉంచండి. దాని వాల్యూమ్ సగం దాకా పెంచండి. షెడ్డులో ఎవరినైనా రంపం మిషన్ స్విచ్చి వెయ్యమనండి. మీరు ముందు గదిలో నిలబడి ఏం వినిపించిందో నాకు రాయండి. అక్కను కూడా పక్కన నిలబెట్టుకుని, తనకేం వినిపించిందో అదీ రాయండి. ఇద్దరివీ విడివిడిగా కావాలి. నా పని కోసమే అనుకోండి.

మీరు వద్దన్నా ఆదివారం ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. మీరు పక్కనే ఉన్నారు కానీ చేతుల నిండా జిగురుందని చెప్పింది. అంతకు ముందు చేసినప్పుడు కూడా జిగురే ఉంది.

ఒంట్లో ఎలా ఉంది బావా? ఊరికే అడుగుతున్నాను.

రేడియో

*

వర్క్‌షాపు నుంచి.

రేడియోకి,

నువ్వు చెప్పిన పరీక్ష రాశాను. ఏమీ వినిపించలేదు. మార్కులు వేసుకో.

మీ అక్కను నిలబెట్టలేదు. ఆవిడకు బోలెడు పనులున్నాయి. ఒంట్లో బావుంది.

బావ

*

థియేటరు, సౌండు గది నుంచి,
మొదటి వాన పడిన రోజు.

బావా,

కోపం వచ్చిందని తెలుసు. ఈ ఉత్తరానికి ఇంకా వస్తుంది. అయినా రాయక తప్పదు.

ఆ తీగను మోటారు తీగతో కలిపి ఒకే గొట్టంలో పెట్టాక, రెండు ఎర్తుల మధ్య కట్టేశాక, రంపం తిరుగుతుంటే మీ స్పీకర్లు ఊరుకోవడం జరగని పని. నేను ఇదే పని చేసి బతుకుతున్నాను. ఆ చప్పుడు అక్కడ ఉంది బావా. సన్నగా, పైస్థాయిలో జుయ్‌మంటూనే ఉంది. స్పీకరుకు చెవి ఆనించి కూడా మీకు వినపడలేదు. డ్రమ్ము వినపడుతోంది, మంద్రం వినపడుతోంది. సన్నని చప్పుళ్ళు వినపడటం లేదు. ఫోన్ వద్దన్నది అందుకే. పీట పెట్టె అయిందీ అందుకే.

రంపాల మధ్య ఇన్నేళ్ళు పనిచేసిన చెవులు అలసిపోతాయి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాకు భయం వేస్తున్నది పాట గురించి కాదు, ఆ రంపపు పళ్ళెం గురించి. అది తిరుగుతోందో ఆగిందో మీకు తెలుస్తోందా?

మీకు గుర్తుందో లేదో. మీ పెళ్ళయిన కొత్తలో నేను సెలవులకు వస్తే, మీరు చెక్కలు వరసగా నిలబెట్టి ఒక్కోదాన్నీ వేలి కణుపుతో తట్టించేవారు. ఏది లోపల పుచ్చిందో చెవితో చెప్పమనేవారు. శబ్దంలో ఇంత సంగతి ఉంటుందని నాకు మొదట తెలిసింది ఆ షెడ్డులోనే. ఇవాళ నేను తినే తిండి మీరు పెట్టించిన ఆ చెవిదే. అందుకే మీ మీద ఇంత చనువు తీసుకున్నాను.

తిట్టండి, పడతాను. జవాబు మాత్రం రాయండి.

రేడియో

*

వర్క్‌షాపు నుంచి,
బయట వాన.

చిరంజీవి రేడియోకి,

రేకుల మీద ఇంత వాన పడుతుంటే దూరంగా బండి వెళుతున్నట్టు ఉంది నాకు. చినుకులు చినుకులుగా తెలియడం మానేసి చాలా కాలమైంది.

నువ్వు రాసింది నిజం. ముందు పిట్టలు పోయాయి. అవి వేరే చెట్లు చూసుకున్నాయనుకున్నాను. తర్వాత గుమ్మం గంట పోయింది, బ్యాటరీ మార్చాను. తర్వాత రికార్డుల్లో పాడే ఆవిడ మాటలు కరిగిపోయాయి. రాగం ఎక్కడో నడుస్తుంటుంది, మాట అందదు. మిగిలింది డ్రమ్ము ఒక్కటే. మగవాళ్ళు ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. మీ అక్క పక్కన కూర్చుని రికార్డు వినడం నేను మానేసింది పని ఎక్కువై కాదు. పాట మధ్యలో ఆవిడ నా వైపు తిరిగి, ఈ చరణం విన్నారా అంటుంది. ఏ చరణమో నాకు తెలియదు. తల ఊపుతాను. అలా ఊపిన ప్రతిసారీ ఆవిడను మోసం చేసినట్టు ఉండేది. అందుకే షెడ్డులోకి వచ్చేశాను. ఇక్కడ ఈ పెట్టె మోగుతుంటే, ఆవిడా నేనూ ఒకే పాట వింటున్నాం అనుకోవచ్చు. అంతే నాకు కావలసింది.

పళ్ళెం గురించి అడిగావు. మొన్న స్విచ్చి కట్టి, పొట్టు తుడుద్దామని చెయ్యి పెట్టబోయాను. వేళ్ళకు గాలి తగిలింది. అది ఇంకా తిరుగుతోంది. ఆ రోజంతా మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళలేదు. ఇప్పుడు పెద్ద కోతలు బయట వేయిస్తున్నాను.

మీ అక్కకు చెప్పకు. చెబితే ఆవిడ మొదట ఏడుస్తుంది, తర్వాత షెడ్డుకు తాళం వేస్తుంది, ఆ తర్వాత రికార్డులు పెట్టడం మానేస్తుంది. మూడోది నేను తట్టుకోలేను. నా మీద ఒట్టు.

మీ బావ

*

ముందు గది నుంచి.

చిన్నా,

అక్క రాస్తోంది. ఈ సంగతి మీ బావకు తెలియకూడదు. నీ కడుపులోనే పెట్టుకో.

నువ్వేదో తీగ పెట్టించావట. దానికో దండం నాయనా. ఆయన షెడ్డులో రంపం మొదలుపెట్టగానే ఇక్కడ స్పీకర్లలో పుట్టే చప్పుడు పళ్ళ మధ్య రేకు పెట్టి గీసినట్టు ఉంటోంది. దూది పెట్టుకున్నాను, లాభం లేదు. వంటగదిలోకి పారిపోతున్నాను. పక్కింటావిడ వచ్చి, ఏమండీ, మీ ఇంట్లో పళ్ళ డాక్టరు ఎవరైనా అద్దెకు దిగారా అని అడిగి వెళ్ళింది.

చప్పుడు ఆపమని ఆయనకు చెప్పొచ్చు కదా అంటావు. చెబితే, ఆ చప్పుడు తనకెందుకు వినపడలేదని ఆయన అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పాలి?

మీ బావకు వినపడటం లేదురా. నాకు తెలిసి చాలా కాలమైంది. ఒక రోజు ఆయన పక్కనే కెటిల్ కూత పెట్టి పెట్టి నీళ్ళన్నీ ఇంకిపోయాయి. ఆయన పేపరు తిప్పుకుంటూ కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడి చూసి, వెనక్కి వెళ్ళి, అడుగుల చప్పుడు చేసుకుంటూ మళ్ళీ వచ్చి స్టవ్ కట్టేశాను. ఆ అడుగులు కూడా ఆయనకు వినపడి ఉండవని తర్వాత తోచింది. చెక్క కొనేటప్పుడు ఇప్పటికీ తట్టి చూస్తారు. తట్టాక చాలాసేపు దాన్నే చూస్తూ ఉంటారు. ఆ చూపు చూడలేను నేను. ఫోన్ మోగితే జిగురని అబద్ధం చెబుతున్నాను. ఇంట్లో నిజంగా అంత జిగురు ఉంటే ఈపాటికి గోడలకు అతుక్కుపోయి ఉండేవాళ్ళం.

తనంతట తను చెప్పేదాకా అడగకూడదని ఊరుకున్నాను. ఈ షెడ్డే ఆయన ప్రాణం. ఇక పని మానెయ్యండి అనే మాట నా నోటి నుంచి రాకూడదు. మధ్యాహ్నం రికార్డు పెట్టి కిటికీలోంచి చూస్తుంటాను. ఆ పెట్టె వచ్చిన దగ్గర్నుంచి ఆయన తల ఆడిస్తూ చిత్రిక పడుతున్నారు. అందుకే డ్రమ్ము గట్టిగా ఉన్న రికార్డులే వెతికి పెడుతున్నాను. నాకు వాటిలో ఒక్కటీ నచ్చదు, అది వేరే సంగతి.

పెట్టె అలాగే మోగాలి, ఈ చప్పుడు పోవాలి, ఆయనకు ఏమీ తెలియకూడదు. ఏదైనా దారి చెప్పు.

అక్క

*

థియేటరు నుంచి.

అక్కకూ, బావకూ,

ఈ ఉత్తరం ఇద్దరూ ఒకే చోట కూర్చుని చదవాలి. అక్కా, నువ్వు బావకు ఎదురుగా కుర్చీ వేసుకో. వెలుతురు నీ ముఖం మీద పడేలా కూర్చుని నెమ్మదిగా పైకి చదువు. మధ్యలో ఆపొద్దు.

బావా, అక్కకు తెలుసు. కెటిల్ మాడిపోయిన రోజు నుంచి తెలుసు. అక్కా, నీకు తెలియకూడదని బావ నా చేత ఒట్టు వేయించుకున్నారు. నువ్వేమో కడుపులో పెట్టుకోమన్నావు. మీ ఇద్దరి రహస్యమూ ఒక్కటే అయినప్పుడు దాన్ని మొయ్యడానికి మూడో మనిషి ఎందుకు? ఇద్దరి మాటా తప్పాను. తిట్టదలుచుకుంటే కలిసి తిట్టండి, కలిసి ఒక పని చేసినట్టుంటుంది.

బావా, మీరు షెడ్డులోకి ఎందుకు వెళ్ళిపోయారో అక్కకు మీ నోటితో చెప్పండి. అది నేను రాయను. అక్కా, నువ్వు వంటగదిలోకి ఎందుకు పారిపోతున్నావో, ఆ డ్రమ్ము రికార్డుల సంగతేమిటో నువ్వే చెప్పు.

ఇక పనులు. ఈ పొట్లంలో రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. ఒకటి ముందు గదిలో యాంప్లిఫయర్ దగ్గర, రెండోది షెడ్డులో పెట్టె దగ్గర బిగించండి. వాటి మధ్య పాట, మీరు కొన్న తీగ తొడుగు లోపల మెలిపడి ఉన్న రెండు సన్న తీగల మీద నడుస్తుంది. దారిలో అంటుకున్న చెత్త రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కనక, అవతలి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వదిలేసి పాటను మాత్రం లోపలికి రానిస్తుంది. రెండు ఎర్తులూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఆ గొట్టంలోంచి మాత్రం తీగ బయటికి లాగి, గోడ అవతలి పక్కగా తెండి. చప్పుడు పోయిందో లేదో అక్క చెప్పాలి, మరొకరి వల్ల కాదు.

రెండోది, రంపానికి బ్రేకు పెట్టించండి. స్విచ్చి కట్టగానే పళ్ళెం ఆగిపోయేది దొరుకుతుంది. మా స్టేజీ మీద ఎర్ర దీపం ఒకటి ఖాళీగా ఉంది, అదీ పొట్లంలో వేశాను. మోటారుకు కరెంటు ఉన్నంతసేపూ వెలిగేలా కట్టించుకోండి. మూడోది, చెవి డాక్టరు. ఇద్దరూ వెళ్ళండి. దీని మీద వాదనలు లేవు.

నాటకం ఆడుతోంది, సెలవు దొరకదు. లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చి మీ మధ్య కూర్చునేవాడిని. రాకపోవడమే మంచిదేమో.

మీ రేడియో

*

వర్క్‌షాపు నుంచి,
చలి మొదలైంది.

చిరంజీవి రేడియోకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని బెంగ పెట్టుకోకు. నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ ఆలస్యమైంది. దొరకలేదు.

మీ అక్క నీ ఉత్తరం చదివింది. ఎదురుగా కూర్చుని, వెలుతురు ముఖం మీద పడేలానే చదివింది. కెటిల్ దగ్గరికి వచ్చేసరికి నేను లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాను. కోపం నీ మీదనో, ఆవిడ మీదనో, నా మీదనో తెలియలేదు. ఒక చెక్క తీసుకుని ఊరికే చిత్రిక పట్టాను. అది కాగితమంత పల్చబడింది. తల ఎత్తితే మీ అక్క పొట్లం పట్టుకుని గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టుంది, తాళం మాత్రం వెయ్యలేదు. “వీటిని ఎక్కడ బిగించాలి?” అంది.

అప్పుడు చెప్పాను. చరణం తెలియకుండా తల ఊపిన సంగతంతా చెప్పాను. ఆవిడ బల్ల మీద కూర్చుని విన్నది. అన్నీ అయ్యాక చెప్పింది, నేను తల తప్పు చోట ఊపుతున్నానని తనకు మొదటి నుంచీ తెలుసట. నేను బాధపడతానని తనూ తల ఊపేదట. ఇద్దరం అలా ఎన్నాళ్ళు ఊపుకున్నామో.

తీగ గొట్టంలోంచి లాగేశాను. నీ అగ్గిపెట్టెలు బిగించాను. నేను షెడ్డులో రంపం వేస్తే, ఆవిడ ముందు గదిలో విని, పెరటి గుమ్మంలోకి వచ్చి చెయ్యి అడ్డంగా ఊపేది. ఇంకా ఉందని అర్థం. ఒక అతుకు సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ వేశాను. ఈసారి ఆవిడ గుమ్మంలోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తింది. మర్నాడు పక్కింటావిడ, మీ పళ్ళ డాక్టరు ఖాళీ చేశాడా అని అడిగిందట. బ్రేకు పెట్టించాను, ఎర్ర దీపం వెలుగుతోంది. పెద్ద కోతలు మళ్ళీ ఇక్కడే కోస్తున్నాను.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు పెట్టింది. సన్నవి చాలామటుకు పోయాయి, తిరిగి రావు, కానీ చెవి మిషన్లు పెట్టుకుంటే మాట తెలుస్తుంది అంది. రెండు చెవులకూ రెండు చిన్నవి ఇచ్చింది. షెడ్డులో అవి తీసేసి చెవుల మీద చప్పుడు ఆపే డిప్పలు పెట్టుకోవాలట, ఉన్నదైనా మిగలాలంటే. పెట్టుకుంటున్నాను, ఇది కూడా మీ అక్కే చూస్తోంది.

అవి చెవిలో పెట్టగానే మొదట కాగితం వినపడింది. డాక్టరు చీటీ చింపుతుంటే రేకు చింపుతున్నట్టు అదిరిపడ్డాను. తర్వాత నా చొక్కా వినపడింది. చొక్కాకు చప్పుడుంటుందని మర్చిపోయాను. అప్పుడు మీ అక్క, “ఎలా ఉంది?” అని అడిగింది. ఆ గొంతు విని భయపడ్డాను. బొంగురుగా, బరువుగా, ఎవరో పెద్దాయన అడిగినట్టు ఉంది. జలుబు చేసిందా, ఎప్పటి నుంచి అన్నాను.

దారిలో చెప్పింది. ఆడవాళ్ళ గొంతు నాకు ముందు పోతోందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. నేను షెడ్డులో ఉన్నప్పుడు ముందు గదిలో ఒక్కతే కూర్చుని, గొంతు దించి మాట్లాడటం నేర్చుకుంది. బడిలో పిల్లలు వెనక నవ్వేవాళ్ళట, హెడ్మాస్టరు మిరియాల కషాయం తాగమన్నాడట. నేనేమో ఈ మధ్య నా చెవి కాస్త కుదుటపడింది, ఆవిడ మాట మళ్ళీ తెలుస్తోంది అనుకుంటున్నాను. రోడ్డు మీద నిలబడిపోయాను రా. ఇక మామూలుగా మాట్లాడు అన్నాను. ప్రయత్నించింది. సగం దూరం వెళ్ళి గొంతు మళ్ళీ కిందికి జారిపోయింది. అలవాటు తప్పిందండీ అని నవ్వింది.

చాలా రోజులు అలాగే ఉంది. నేనూ అడగడం మానేశాను. నిన్న మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, మిషన్లు చెవులకు పెట్టుకుని, చేతులు కడుక్కోకుండా ముందు గదిలో బల్ల మీద చెయ్యి వేశాను. అది ఆవిడ పొద్దుటే పాలిష్ పెట్టుకున్న బల్ల. చేతి నిండా జిగురు. ఈసారి నిజం జిగురే.

మీ అక్క తిట్టింది. ఆలోచించుకోకుండా, గొంతు దించుకోకుండా, పెళ్ళయిన కొత్తలో నన్ను తిట్టిన గొంతుతో తిట్టింది. సన్నగా, పదునుగా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

“ఏమన్నావు? మళ్ళీ అను” అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. “వినపడలేదా అండీ?” అంది.

“వినపడింది. అందుకే అడుగుతున్నాను” అన్నాను.

మీ బావ